మెత్తబడిన బ్రేకు

మా బావ పోయాడు. భీమవరం ఆసుపత్రి నుంచి అక్క ఫోన్ చేసి, "ఒరే తమ్ముడూ, మీ బావ పలకట్లేదురా" అంది. నేనప్పుడు ఐసు ఫ్యాక్టరీ దగ్గర లారీలోకి దిమ్మలు ఎక్కిస్తున్నాను. ఎక్కించినవి దింపించేసి ఆ లారీలోనే బయలుదేరాను. అది ఆయనదే.

ఆ లారీ వయసు నాకంటే ఎక్కువ. రొయ్యల చెరువుల దగ్గరికి ఐసు తీసుకెళ్ళేవాళ్ళం, రొయ్యల ట్రేలతో తిరిగొచ్చేవాళ్ళం. దాని బ్రేకు ఎంత బిర్రు అంటే, తొక్కాలంటే బావ సీట్లోంచి సగం లేవాల్సిందే. "బావా, బ్రేకు తొక్కుతున్నావా, అటుకులు దంచుతున్నావా?" అని ఏడిపించేవాణ్ణి. "తోలడం ఎవడికైనా వస్తుందిరా. ఆపడం వచ్చినోడే డ్రైవరు" అనేవాడు. కాలువ గట్టు మీద బాతుల మంద అడ్డొస్తే హారన్ కొట్టేవాడు కాదు. ఇంజన్ ఆపేసి, చివరి బాతు దాటేదాకా కూర్చునేవాడు. వెనక ఐసు కరిగిపోతోందని నేను గోల పెడితే, "కరగనీ, దానికి తెలిసింది అదొక్కటే" అనేవాడు.

తర్వాత ఆయనకు షుగరు ముదిరింది. పాదాలు మొద్దుబారాయి. నడుస్తుంటే చెప్పు జారిపోయినా తెలిసేది కాదు. అక్క వెనకాలే వెళ్ళి తెచ్చి తొడిగేది. మోకాల్లో బలం కూడా తగ్గింది. ఇక లారీ తోలొద్దని డాక్టరు చెప్పాడు. బావ తిన్నగా లారీలు బాగుచేసే మేస్త్రి దగ్గరికి వెళ్ళాడు.

మేస్త్రి ఒక ఉపాయం చెప్పాడు. ఇంజను బెల్టుతో తిరిగేలా ఒక పంపు పెట్టి, అది నెట్టే ఆయిలుతో బ్రేకుకు బలమిచ్చే బూస్టరు బిగిస్తే, కాలికి శ్రమ ఉండదన్నాడు. పాత లారీకి సరిపడేది దొరకడమే గగనమైంది. చివరికి రాజమండ్రిలో విప్పేసిన ఒక బండిది దొరికింది. బిగిస్తున్నంతసేపూ బావ స్టూలు వేసుకుని పక్కనే కూర్చున్నాడు. ఆయన అంత ఉత్సాహంగా ఉండటం తన పెళ్ళిలో కూడా నేను చూడలేదు.

"ఇంక పిల్లాడు తొక్కినా ఆగుద్దండి" అన్నాడు మేస్త్రి.

ముగ్గురం ఎక్కాం. కాలువ గట్టు మీద బావ అలవాటు కొద్దీ లేచి తొక్కాడు. లారీ పాతేసినట్టు ఆగింది. వెనక ఖాళీ ట్రేలన్నీ వచ్చి క్యాబిన్‌కు గుద్దుకున్నాయి. "మెల్లిగా ఆనించండి, చాలు" అన్నాడు మేస్త్రి. ఈసారి బావ మెల్లిగా ఆనించాడు. లారీ ఆగలేదు. పాదం బ్రేకు పక్కన ఉత్త రేకు మీద ఉంది. అప్పుడు ఆయన రోడ్డు మీంచి చూపు తిప్పి, తల వంచి తన కాలెక్కడుందో వెతుక్కున్నాడు. మేస్త్రి గబుక్కున హ్యాండ్ బ్రేకు లాగాడు.

"ఇదివరకు ఈ బ్రేకు ఎదురు తన్నేదిరా. మోకాలికీ నడుముకీ తెలిసేది. ఇప్పుడు ఏమీ తెలీట్లేదు" అన్నాడు బావ. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది మా పని. బూస్టరు ఉంటే కాలికి తెలియదు, తీసేస్తే కాలికి బలం చాలదు. మూడో దారి లేదు.

"తీసెయ్యమంటారాండీ?" అన్నాడు మేస్త్రి, మొహం చిన్నబుచ్చుకుని.

"ఉంచవయ్యా. మా బావమరిదికి పనికొస్తది" అని, బావ లారీ దిగి చుట్టూ తిరిగొచ్చి ఎడమ వైపు ఎక్కాడు.

ఆ తర్వాత కొన్నాళ్ళు నాతోపాటు వచ్చేవాడు. మలుపు వచ్చినప్పుడల్లా ఆయన కుడికాలు కింద రేకును నొక్కేది. ఒకసారి, "నేనిప్పుడు కాలు కదిపానేంట్రా?" అని అడిగాడు. లేదన్నాను. తర్వాత పాదానికి పుండు పడింది, మానలేదు. ఆయన రావడం మానేశాడు. బాగుపడతాడని మాలో ఎవరమూ అనుకోలేదు. అనుకున్నట్టు నటించాం, అంతే.

ఆ రోజు బావను ఇంటికి తీసుకెళ్ళడానికి ఆసుపత్రి వాళ్ళు అంబులెన్సు పిలుస్తామన్నారు. అక్క వద్దంది. లారీ వెనక, ఐసు తడి ఆరని చెక్కల మీద పరుపు వేసి బావను పడుకోబెట్టాం. దారిలో ఎన్ని మలుపులో, ఎన్ని గతుకులో. ప్రతిచోటా ఆయన కదలకుండా బండి ఆపాలి. బ్రేకు మీద పాదం ఊరికే ఆనిస్తే చాలు, లారీ నిద్రపోతున్న మనిషిని లేపకూడదన్నట్టు ఆగింది. అద్దంలో చూశాను. వెనక అక్క, జారిపోకుండా, ఆయన రెండు పాదాలూ ఒళ్ళో పెట్టుకుని పట్టుకుని కూర్చుంది.