అచ్చుతప్పు కాదు

గుంపులో అందరూ ఆమెను "తోక తమ్ముడూ" అని పిలిచేవారు. పాత కామిక్సు పుస్తకాలంటే పడిచచ్చే అరవై మంది ఫోన్లో పెట్టుకున్న గుంపు అది. అక్కడ అసలు పేర్లతో ఎవరూ ఉండరు. ఆమె తనకు పెట్టుకున్న పేరు తోక. బొమ్మల కథల్లో మాటలు రాసే బుడగ ఉంటుంది కదా, ఆ బుడగ నుంచి మాట్లాడే మనిషి నోటివైపు సాగే మొనను ఆ పనివాళ్ళు తోక అంటారు. ఆ సంగతి గుంపులో ఎవరికీ తెలియదు. ఎవరితో తగువొచ్చినా వెనక్కి తగ్గని తీరు చూసి ఎవరో ఇరవై ఏళ్ళ కుర్రాడనుకున్నారు. "నీతో వాదిస్తే తల ప్రాణం తోకకొస్తోంది నాయనా" అని ఒకాయన వాపోతే ఆమె చాలాసేపు తనలో తనే నవ్వుకుంది.

ఆమెకు యాభై తొమ్మిదేళ్ళు. బళ్ళకు నంబరు ప్లేట్లు రాసే దుకాణంలో పని. స్టిక్కర్లు వచ్చాక రాయించుకునేవాళ్ళు తగ్గారు గానీ, లారీలవాళ్ళు మాత్రం ఇప్పటికీ ఆమె చేతి రాతే కావాలంటారు. పెయింటు ఆరేలోగా స్టూలు మీద కూర్చుని, వేళ్ళు తుడుచుకుని ఫోను తీసేది. గుంపులో కామిక్సులే కాదు, మాట్లాడుకోని విషయమంటూ ఉండదు. నిన్నటి సీరియల్లో ఏడుపు ఎక్కువైందని ఒకరంటే, ఇంటి ఓనరు నీళ్ళు కట్టేశాడని ఇంకొకరు. అల్లుడి అలకలు, బస్సులో ఆడవాళ్ళ మీద పడే చూపులు, అన్నీ అక్కడే.

ఆ గుంపులో ఆమెకు బాగా దగ్గరైన మనిషి ఒక నర్సు. "మూడో వార్డు" అన్నది ఆ నర్సు పెట్టుకున్న పేరు. నెల కిందట ఆ నర్సుకో చిక్కొచ్చి పడింది. ఎవరో పెద్దమనిషి బంధువులు రోగి మంచం మీదే కూర్చుని బాతాఖానీ వేస్తుంటే లేచి బయటికి నడవమంది. వాళ్ళు వెళ్ళి పైవాళ్ళకు చెప్పారు. "క్షమించండి, ఇంకెప్పుడూ ఇలా మాట్లాడను" అన్న కాగితం మీద సంతకం పెట్టాలని, లేకపోతే వార్డులోంచి తీసేస్తామని పైఅధికారి పట్టుబట్టింది.

"పెట్టను. నలభై ఒకటో సంచికలో ఆ పిల్ల క్షమించమందా?" అని నర్సు గుంపులో రాసింది. అందరూ చప్పట్ల బొమ్మలు పంపారు.

ఆ పిల్ల అంటే లైటుహౌసు అమ్మాయి. ముప్పై రెండేళ్ళ కిందట నెలనెలా వచ్చిన కామిక్సు కథ. తండ్రి పోయాక సముద్రం ఒడ్డున దీపం తానే వెలిగిస్తూ ఓడలను ఒడ్డుకు చేరుస్తుంది. నలభై ఒకటో సంచిక ఆఖరి బొమ్మలో అత్తింటివాళ్ళు మెట్లెక్కి వచ్చి, ఆ పని మానేసి ఇంటికి రమ్మంటారు. అప్పుడా పిల్ల అంటుంది: "నేను రాను. దీపం ఆర్పను." గుంపులో సగం మంది ఆ ఒక్క బుడగ కోసమే ఆ కథను నెత్తిన పెట్టుకున్నారు.

ఈ మధ్య దాన్నే టీవీలో సీరియల్‌గా తీస్తున్నారు. ఒకరోజు సాయంత్రం ఏడింటికి ఆ ఘట్టం వచ్చింది. టీవీలో అమ్మాయి తలొంచుకుని, "తప్పయింది. క్షమించండి" అని అత్తగారి వెంట మెట్లు దిగి వెళ్ళిపోయింది. గుంపు భగ్గుమంది. తిట్టనివాళ్ళు లేరు.

ఆ తిట్ల మధ్యలో "బీరువా" ఒక ఫోటో పెట్టాడు. అన్ని సంచికలనూ బీరువాలో దాచుకున్న మనిషి, గుంపులో ఆయన మాటకు తిరుగులేదు. ఫోటోలో ఉన్నది పసుపు రంగుకు తిరిగిన టైపు కాగితం. "సీరియల్‌వాళ్ళ తప్పేం లేదు. రచయితగారు ఇచ్చిన అసలు ప్రతి ఇది. చూడండి, 'క్షమించండి' అనే ఉంది. మీరంతా ఇన్నేళ్ళుగా ఓ అచ్చుతప్పుకు దణ్ణం పెడుతున్నారు" అని కింద రాశాడు.

అది చూసి నర్సు రాసింది. "అయితే ఆ పిల్లా క్షమించమందన్నమాట. నేనొక్కదాన్నే ఎందుకు మొండికెయ్యాలి? రేపు సంతకం పెట్టేస్తా."

అది చదివి ఇంట్లో ఆమె తోక తొక్కిన తాచులా లేచింది. పక్కన టీవీ చూస్తున్న భర్త ఉలిక్కిపడి, "ఏమైందే?" అన్నాడు.

"అచ్చుతప్పట! ఎవడండీ అచ్చుతప్పన్నది?" అంటూనే ఫోన్లో కొట్టింది: "అది అచ్చుతప్పు కాదు. ఆ పుస్తకానికి అక్షరాలు రాసింది నేను. ఆ మాట మార్చింది నేను."

నవ్వుల బొమ్మలు కుప్పలుగా వచ్చిపడ్డాయి. "తమ్ముడూ, అప్పటికి నువ్వు పుట్టావా అసలు?" అన్నారొకరు. "రుజువు చూపించు. లేదంటే తోక ముడుచుకుని కూర్చో" అన్నాడు బీరువా.

ఆమె అలమారలోంచి పాత స్టీలు పాళీ, సిరా బుడ్డి తీసింది. తెల్ల కాగితం బల్ల మీద పరిచి, ఫోను భర్త చేతికిచ్చింది.

"నేను రాస్తా, మీరు వీడియో తియ్యండి."

ఆయన ఫోను తీసుకున్నాడు గానీ ఎత్తలేదు. "పని తగ్గిందని నువ్వే మానేశానన్నావు కదే?"

"తీసేశారు. ఈ మాట మార్చినందుకే."

"మరి ఇన్నేళ్ళూ చెప్పలేదేం?"

"అప్పట్లో మీరూ, అత్తయ్యగారూ ఆ పని మానెయ్యమని ఒకటే గోల. తీసేశారని చెబితే సంబరపడేవాళ్ళు. ఆ సంబరం నాకు చూడబుద్ధి కాలేదు."

ఆయన ముఖం నల్లబడింది. ఫోను ఎత్తి, "ఎటు పట్టుకోవాలో చెప్పు" అన్నాడు.

ఆమె రాసింది. నేను, రాను, ఆర్పను. మూడు 'ను'లకూ తలకట్టు పిట్ట ముక్కులా కుడికి వాలింది. ఇన్నేళ్ళయినా ఆ వాలు మారలేదు. గుంపులో పెట్టిన వీడియోలో సగం ఆమె మోచేయి, గాజులే ఉన్నాయి, అయినా రాత కనిపించింది.

పావుగంట తర్వాత, పాత సంచికతో పోల్చి చూసుకున్న బీరువా నుంచి మూడు ముక్కలు వచ్చాయి. "చెయ్యి ఇదే. అమ్మా."

తమ్ముడూ అన్నవాళ్ళంతా పిన్నిగారూ, అమ్మా అంటూ ఒక్కసారిగా ఎగబడ్డారు. అసలేం జరిగిందని అడిగారు. ఆమె టైపు కొట్టే ఓపిక లేక మాటల్లోనే చెప్పి పంపింది.

"నలభై సంచికలు ఆ పిల్ల మాటలన్నీ నా చేత్తోనే రాశాను. ఆ కాగితం చదివితే, ఇది ఆ పిల్ల అనే మాట కాదనిపించింది. మార్చేశాను. అచ్చయ్యాక సంపాదకుడు పిలిచి, అక్షరాలు రాయమంటే కథ రాస్తావా అని, రేపట్నుంచి రావొద్దన్నాడు. తర్వాత పాఠకుల ఉత్తరాలు సంచులకొద్దీ వచ్చాయి. కథ ఆ మాట మీదే ముందుకు నడిపించుకున్నారు. నన్ను మాత్రం మళ్ళీ పిలవలేదు."

అందరూ మెచ్చుకుంటుంటే బీరువా అడ్డం తిరిగాడు. "మీ చేతికి దణ్ణం పెడతానమ్మా. కానీ చేసింది దొంగపని. రచయిత మాట మార్చే హక్కు మీకెవరిచ్చారు?"

"ఎవరూ ఇవ్వలేదు, నేనే తీసుకున్నాను. శిక్ష వేశారు, అదీ తీసుకున్నాను. క్షమాపణ అప్పుడూ చెప్పలేదు, ఇప్పుడూ చెప్పను" అంది ఆమె.

మర్నాడు పొద్దున దుకాణం తెరిచేసరికి నర్సు ఫోను చేసింది. గొంతు వినడం అదే మొదటిసారి.

"పిన్నీ, కాగితం నా ముందే ఉంది. పెట్టకపోతే మీకు జరిగిందే నాకూ జరుగుతుందేమో."

"జరగొచ్చమ్మా. జరగదని నేనెలా చెప్పను? నాకు బొమ్మల పని మళ్ళీ దొరకలేదు. చాలా రోజులు ఏడ్చాను కూడా. నీకు భయమేస్తే సంతకం పెట్టు, నేనేమీ అనుకోను. కానీ ఆ పిల్ల పెట్టింది కదా అని మాత్రం పెట్టకు. ఆ పిల్ల పెట్టలేదు."

అవతల ఎవరో నర్సును పిలిచారు. ఫోను పెట్టేసింది.

నర్సు సంతకం పెట్టలేదు. పైవాళ్ళు అన్నంత పనీ చేసి, ఆమెను దుప్పట్ల గదిలో వేశారు. మూడు నెలలు దుప్పట్లు లెక్కపెట్టి మడతపెట్టింది. చివరికి నర్సులు చాలక మళ్ళీ వార్డుకే పంపారు, మూడోదానికి కాదు, ఐదోదానికి. అక్కడ మొదటి రోజే మంచం మీద కూర్చున్న ఒకాయన్ను లేపానని గుంపులో రాసింది. పేరు మాత్రం మూడో వార్డు అనే ఉంచుకుంది.

సీరియల్ వాళ్ళకు గుంపులోవాళ్ళు నలభై ఉత్తరాలు రాశారు. మీ అభిమానానికి ధన్యవాదాలు అని ఒక్క జవాబు వచ్చింది. సీరియల్ అలాగే నడుస్తోంది. ఏడు కాగానే ఆమె భర్త వేరే ఛానలు పెడతాడు. ఎందుకని అడిగితే, "ఆ పిల్ల అత్తింటి వంట గదిలో ఏడవడం నాకు పడదు" అంటాడు.

మొన్న ఓ మధ్యాహ్నం ఒక బట్టతల మనిషి స్కూటరు తోసుకుంటూ దుకాణానికి వచ్చాడు. నంబరు రాయాలన్నాడు. ప్లేటు ఆమె చేతికిస్తూ, "నేను బీరువానమ్మా. ఎంత ఆలోచించినా మీరు చేసింది తప్పే" అన్నాడు.

"అలాగా. నాకు ఆ కాగితం రేపు మళ్ళీ ఇచ్చినా మళ్ళీ మారుస్తాను. నంబరు చెప్పండి."

ఆయన నంబరు చెప్పాడు. చెప్పి, స్టూలు లాక్కుని కూర్చుని, వాదన మొదట్నుంచి ఎత్తుకున్నాడు.