అమ్మ అన్న ‘ఆఁ’

ఆ పిల్లకి తల్లి పెట్టిన ముద్దుపేరు బొంగరం. ముద్దుపేరు అనడం మర్యాదకి. నిజానికి అదొక ఫిర్యాదు. కూర్చుంటే కాలు ఊపుతుంది, నిలబడితే గోళ్ళు కొరుకుతుంది, పళ్ళు తోముకుంటూ ఇల్లంతా చుట్టబెడుతుంది. “ఒక్కచోట కుదురుగా ఉండవే తల్లీ, నిన్ను చూస్తుంటే నాకు కళ్ళు తిరుగుతున్నాయి” అని తల్లి రోజూ మొత్తుకునేది. ఆ మొత్తుకోవడం కూడా మామూలుగా ఉండేది కాదు. ఆవిడ బస్టాండులో మైకు ముందు కూర్చుని, ఏ బస్సు ఎక్కడికి వచ్చి ఆగుతుందో చెప్పే మనిషి. మైకు లేకపోయినా ఆవిడ గొంతు నాలుగిళ్ళ అవతలికి వినబడేది. బొంగరానికి ఎవరైనా స్నేహితురాలు ఫోన్ చేస్తే, బొంగరం ‘హలో’ కంటే ముందు వాళ్ళమ్మ తిట్లే వినబడేవి.

“మెల్లగా తిట్టమ్మా, వీధంతా వింటోంది” అని ఈ పిల్ల సిగ్గుతో చచ్చిపోయేది.

“విననీ. నేనేమన్నా అబద్ధం చెప్తున్నానా?” అనేది తల్లి.

అలాంటి గొంతు పోయింది. గొంతులో గడ్డ లేచిందన్నారు, ఆపరేషన్ చేశారు. ప్రాణం దక్కింది గానీ మాట దక్కలేదు. నోరు తెరిస్తే ఊపిరి తప్ప ఇంకేం రాదు. బస్టాండువాళ్ళు మంచివాళ్ళే, ఉద్యోగం తీసెయ్యకుండా ఆవిడని పార్సిళ్ళ గదికి మార్చారు. మైకు గదిలో ఇప్పుడు ఏదో యంత్రం మాట్లాడుతుంది. బస్సు బయల్దేరుతోందన్నా, రద్దయిందన్నా దానికి ఒకటే గొంతు. ఈవిడ కింద గదిలో మూటలకి చీటీలు అంటిస్తూ, ఆ యంత్రం పలికినప్పుడల్లా మొహం చిట్లించుకునేది.

ఇక ఇంట్లో మాటలన్నీ ఫోన్లోనే. ఒక్క వేలితో టక్కుటక్కుమని కొట్టి కూతురికి చూపించేది, దూరంగా ఉంటే పంపేది. ‘తిన్నావా’ అని వచ్చేది. అది ఏ తిన్నావా? ఒకప్పుడు ఆ ఒక్క మాటలో ఎన్ని మాటలుండేవి! ‘మళ్ళీ కడుపు మాడ్చుకున్నావు కదూ’ అనే తిన్నావా వేరు, అలిగి గదిలో దూరినప్పుడు తలుపవతల నుంచి మెత్తగా అనే తిన్నావా వేరు. ఇప్పుడు అన్నీ ఒకే సైజు, ఒకే నలుపు, ఒకే గుండ్రని అక్షరాలు. కరెంటు బిల్లు కట్టమని వచ్చే మెసేజీకీ అమ్మ మెసేజీకీ తేడా లేకపోతే ఏ పిల్ల భరిస్తుంది చెప్పండి! ఇల్లు నిశ్శబ్దంగా ఉంటే చదువుకుంటానని ఏళ్ళ తరబడి సాధించిన బొంగరం, నిశ్శబ్దం వచ్చాక కాలు కాలిన పిల్లిలా తిరగడం మొదలుపెట్టింది. కావాలనే గిన్నె కింద పడేసేది. తల్లి వచ్చి చూసేది, గిన్నె తీసి పెట్టేది, వెళ్ళిపోయేది. అంతే. బొంగరానికి ఏడుపు తన్నుకొచ్చేది.

బొంగరం చదివేది డిజైన్ కాలేజీలో, ఆఖరి ఏడాది. అక్షరాలు గీయడం నేర్పే మేడం చివరి పని అప్పజెప్పింది. “మాటకి అర్థం చదివితే ఎలాగూ తెలుస్తుంది. చదవకముందే కంటికి తెలియాలి. ఆ మాట ఎలా పలుకుతారో అక్షరం అలా కనబడాలి. నెలాఖరుకి ప్రదర్శన, ఒక్కొక్కరికి ఒక్కో గోడ.” తోటి పిల్లలు ‘వాన’ అని రాసి చినుకులు కార్చారు, ‘మంట’ అని రాసి నాలుకలు పెట్టారు. బొంగరం లేచి, “మా అమ్మ తిట్లు చేస్తానండీ” అంది. క్లాసు గొల్లున నవ్వింది. మేడం నవ్వలేదు. “చెయ్యి. కానీ నాకు బొమ్మ వద్దు, గొంతు వినబడాలి” అంది.

ముందు ‘లేవవే’ అని తాటికాయంత అక్షరాలతో, ఎర్ర రంగు దట్టంగా పూసి తీసుకెళ్ళింది. మేడం చూసి, “ఇది మీ అమ్మేనా? ‘లోపలికి రాకూడదు’ బోర్డులా ఉంది” అంది. బొంగరానికి ఒళ్ళు మండింది. బస్సు దిగేదాకా మేడాన్ని మనసులో దులిపేసింది. ఇంటి మెట్లెక్కుతుంటే గుర్తొచ్చింది. నిజమే కదా! అమ్మకి నిజంగా కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. గట్టిగా అరిచేదంతా ఉత్త అలవాటు. మెల్లగా, పళ్ళ మధ్య నుంచి “సరే, నీ ఇష్టం” అన్న రోజే భయపడాలి. బ్రష్షు పారేసి సన్నటి కలం పట్టుకుంది. ‘నీ ఇష్టం’ అని చిన్నగా, బిగుతుగా, అక్షరాల మధ్య గాలి కూడా చొరకుండా రాసింది. చూసుకుంటే తనకే భయమేసింది.

అక్కణ్ణుంచి ఇక పట్టపగ్గాల్లేవు. నేలంతా కాగితాలు పరిచి వాటి మధ్య గెంతుతూ పనిచేసింది. ‘చెప్పులు’ అన్న మాటలో పావత్తుని గుమ్మం దగ్గర విసిరేసిన చెప్పులా పక్కకి పడేసింది. ‘తిన్నావా’లో చివరి దీర్ఘాన్ని కాగితం అంచుదాకా లాగి, అక్కడ తలుపు సందులోంచి తొంగిచూస్తున్నట్టు వంచింది. ‘నీ మొహం’ అన్నదాన్ని నవ్వు ఆపుకుంటున్న మనిషి పెదాల్లా వంకరగా పెట్టింది, ఎందుకంటే ఆ మాట అమ్మ ఎప్పుడూ ముద్దొచ్చినప్పుడే అనేది. ‘జాగ్రత్త’తో మాత్రం వారం రోజులు కుస్తీ పట్టింది. రోజూ పొద్దున్న గుమ్మంలో అమ్మ అనే మాట అది. చివరికి గ కింద ఉండే రావత్తుని పట్టుకుంది. ఎలాగూ అక్షరాన్ని కిందనుంచి చుట్టుకునేదే కదా. దాన్ని పెంచి, పెంచి, మాట మొత్తాన్నీ చేత్తో పొదివి పట్టుకున్నట్టు తిప్పింది.

కొరుకుడు పడనిది ఒక్కటే, ‘ఆఁ’. ‘ఆ’ అక్షరం, దాని పక్కన సగం గీసి వదిలేసినట్టుండే అరసున్న. ఉన్నది ఇంతే. కానీ పిలిస్తే పలికే ఆఁ ఉంది, నమ్మకపోతే సాగదీసే ఆఁ ఉంది, ‘చెప్పొచ్చావులే’ అనే ఆఁ ఉంది, వినబడక మళ్ళీ చెప్పమనే ఆఁ ఉంది, ‘సరేలే, ఏడిశావు’ అని ఒప్పేసుకునే ఆఁ ఉంది. ఎన్ని రాసినా పాఠ్యపుస్తకంలో ‘ఆ’లాగే వచ్చింది. చింపి పారేసింది. చివరికి గోడ మధ్యలో ఆ మాటకోసం ఒక తెల్ల కాగితం ఖాళీగా అంటించి వదిలేసింది.

ఇదంతా చేస్తూ అసలు మనిషిని అడగలేదని ఒకరోజు బస్సులో ఉండగా తట్టింది. వెంటనే మెసేజ్ పెట్టింది. “అమ్మా, నీ తిట్లు కాలేజీలో గోడకి పెట్టుకోనా?” కాసేపటికి జవాబొచ్చింది, “ఆ”.

ఒప్పేసుకుంది! బొంగరం బస్సులోనే ఎగిరి గంతేసినంత పని చేసింది. అయ్యో పిచ్చిమొద్దూ, అది ఏ ‘ఆ’ అని ఒక్క క్షణం ఆగి అడగాలా వద్దా? ఐదారు రకాల ఆఁల కోసం జుట్టు పీక్కుంటున్న పిల్ల, చేతిలో పడ్డ ‘ఆ’ ఎలాంటిదో చూసుకోలేదు. ఆగడమన్నది దాని జాతకంలోనే లేదు.

ప్రదర్శన రోజు పొద్దున్న తల్లి డ్యూటీకి వెళ్ళే ముందు టీ తాగుతోంది. బొంగరం బూటు ఒకటి తొడుక్కుని రెండోదాని కోసం కుంటుకుంటూ వెతుకుతూ, “సాయంత్రం తప్పకుండా రామ్మా. గోడ నిండా నీ తిట్లే. జనం విరగబడి చూస్తారు” అంది.

తల్లి కప్పు కింద పెట్టింది. ఫోన్ తీసి, “ఏం గోడ” అని కొట్టి చూపించింది.

“అదేంటమ్మా, అడిగాను కదా. నువ్వు ‘ఆ’ అన్నావు!”

తల్లి ఈసారి చాలాసేపు కొట్టింది. ఆ టక్కుటక్కులు వింటూ బొంగరం గోరు కొరుక్కుంది. “ఆ అంటే ఏంటీ అని. మళ్ళీ చెప్పు అని. నువ్వు చెప్పలేదు. ఊరికే అన్నావనుకున్నా.”

ఫోన్లో అరసున్న ఎక్కడుంటుందో ఆవిడకి తెలియదు. ప్రశ్న గుర్తు పెట్టే అలవాటు అసలే లేదు. గొంతు ఉన్నన్నాళ్ళూ వాటితో పనేం పడింది?

మళ్ళీ కొట్టింది. “గొంతు పోయిందని జాలిపడేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఇప్పుడు నవ్వేవాళ్ళని కూడా తెచ్చావు.” కూతురు చదివేదాకా ఉండి, సంచీ తీసుకుని వెళ్ళిపోయింది. గొంతు పోయాక కూడా రోజూ గుమ్మంలో వెనక్కి తిరిగి, చెయ్యెత్తి జాగ్రత్త అన్నట్టు ఊపేది. ఆవేళ తిరగలేదు.

బొంగరం ఒంటి బూటుతో గదంతా అటూ ఇటూ తిరిగింది. అమ్మ గొంతుని తెచ్చి అమ్మకే ఇద్దామనుకుంది. ఇప్పుడు అమ్మ దృష్టిలో తను దొంగ.

కాలేజీకి ఎలా చేరిందో దానికే తెలియదు. హాలు అప్పటికే తెరిచారు, జనం వస్తున్నారు. తిన్నగా మేడం దగ్గరికెళ్ళి, “నా గోడ తీసేస్తానండీ” అంది. సంగతి విని మేడం తల పట్టుకుంది. “మార్కులు వేసేవాళ్ళు మధ్యాహ్నానికల్లా వచ్చేస్తారు. గోడ ఖాళీగా ఉంటే నేనేం చెయ్యలేను. ఏడాది పోతుంది నీకు, మళ్ళీ మొదట్నుంచి చెయ్యాలి. తెలుసుగా?”

“తెలుసండీ. పోనివ్వండి” అంది బొంగరం. తల్లికి మెసేజ్ పెట్టింది. “తీసేస్తున్నానమ్మా. నీకు సరిగ్గా చెప్పకుండా చెయ్యాల్సింది కాదు. తప్పు నాదే.” జవాబు రాలేదు.

ముందు ‘నీ మొహం’ తీసింది. టేపుతో పాటు గోడ రంగు కూడా కాస్త ఊడొచ్చింది. ‘చెప్పులు’ తీసింది. ఒక్కోటి పీకుతుంటే ఎవరో తన వెంట్రుకలు పీకుతున్నట్టే ఉంది. మధ్యమధ్యలో గుమ్మం వైపు చూస్తుంది, ఫోన్ చూస్తుంది, మళ్ళీ పీకుతుంది. ‘జాగ్రత్త’ మీద చెయ్యి వేసేసరికి, వెనకాల నుంచి ఒక పెద్దాయన, “ఉండమ్మాయ్, ఉండు! నేనింకా చదవలేదు” అన్నాడు.

“తీసెయ్యాలండీ.”

“చదివాక తియ్యి, నిన్నెవరాపారు?” అని కళ్ళజోడు సవరించుకుని పైకే చదివాడు. జా అని మామూలుగానే మొదలుపెట్టాడు. గ్ర దగ్గరికొచ్చేసరికి ఆ అక్షరం వంపు వెంబడే ఆయన గొంతు వంగింది, మెత్తబడింది, చివరి దాకా సాగింది. చదివి తనే ఆశ్చర్యపోయాడు. “ఓరి నీ... మా అక్క అచ్చం ఇలాగే అనేది” అన్నాడు. పక్కనే ఉన్న ఒకావిడ ‘తిన్నావా’ని అందుకుంది. చివరి దీర్ఘం కాగితం అంచుదాకా ఎలా పోయిందో ఆవిడ గొంతూ అలాగే పోయింది. విన్నవాళ్ళు నవ్వారు. ఎగతాళి నవ్వు కాదు, తిట్లు తిని పెరిగినవాళ్ళ నవ్వు. తర్వాత ఎవరో ‘నీ ఇష్టం’ చదివారు, దానికి మాత్రం ఎవరూ నవ్వలేదు.

అప్పుడు చూసింది బొంగరం. గుమ్మంలో తల్లి నిలబడి ఉంది. పార్సిళ్ళ గది నీలం కోటు మీదే వచ్చేసింది, చేతులకి ఇంకా జిగురు అంటుకునే ఉంది. ముక్కూ మొహం తెలియనివాళ్ళు ఒకరి తర్వాత ఒకరు తన గొంతుతో తన మాటలు అంటుంటే, గొంతు మీద చెయ్యి వేసుకుని వింటోంది.

బొంగరం కదల్లేదు. కాలు ఊపలేదు, గోరు కొరకలేదు. పుట్టి బుద్ధెరిగాక అది అంత కుదురుగా నిలబడటం అదే మొదలు.

“అమ్మా” అంది. “ఇప్పుడు సరిగ్గా అడుగుతున్నా. ఇవి ఉంచనా? నువ్వు వద్దంటే ఒక్కటి కూడా ఉంచను. ఏడాది పోతే పోయింది.”

తల్లి ఫోన్ తీసింది. ఒక అక్షరం కొట్టింది. కొట్టినదాన్ని చూసుకుని మొహం చిట్లించి, చెరిపేసి, ఫోన్ సంచీలో పడేసింది. గోడ దగ్గరికి నడిచింది. ఖాళీ కాగితం ముందు ఆగి, కూతురి వైపు చెయ్యి చాపింది. బొంగరం జేబులోంచి మార్కరు తీసి ఇచ్చింది.

ఆవిడ ముందు ‘ఆ’ రాసింది. పొట్టిగా, కిందకి కూలబడినట్టు, అలిసిపోయి ఇంటికొచ్చి కుర్చీలో పడ్డ మనిషిలా రాసింది. ఒక క్షణం ఆగింది. తర్వాత దాని పక్కన అరసున్నని పెద్దగా, పైకి లాగి, చివర చిన్నగా తిప్పి వదిలింది.

ఎవరూ చదివి చెప్పనక్కర్లేకపోయింది. ‘ఆఁ, ఉంచి ఏడు, చెప్తే వినే రకమా నువ్వు!’ అనే ఆఁ అది. బొంగరానికి చెవుల నిండా వినబడింది. అన్ని రోజులు చచ్చీ చెడీ గీసినా రానిది, రాయాల్సిన మనిషి రాస్తే ఇంతలో వచ్చేసింది. అంతమందిలో, మేడం ఎదురుగా, చిన్నపిల్లలా వెక్కివెక్కి ఏడ్చేసింది.

తల్లి కిందికి వంగి, నేల మీద పడున్న కాగితాల్లోంచి ఒకటి వెతికి తీసింది. అంచులకి ఊడిన గోడ రంగు దులిపి, దాన్ని రెండు చేతులతో ఎత్తి కూతురి ఎదురుగా పట్టుకుంది.

‘నీ మొహం.’

అది ఎవరూ పైకి చదవలేదు. బొంగరానికి మాత్రం నాలుగిళ్ళ అవతలికి వినబడేంత గట్టిగా వినబడింది.