ఎనభై దాటనివ్వని మామగారు

కుక్కుటేశ్వరరావుగారు ఏ బ్యాటరీనీ ఎనభై శాతం దాటనివ్వరు. ఇరవైకి దిగనివ్వరు. అది ఆయన బ్యాటరీయే కానక్కర్లేదు. మీదైనా, మీ వియ్యంకుడిదైనా, నిడదవోలు జంక్షన్‌లో రైలు కోసం కూర్చున్న ముక్కూ మొహం తెలియనివాళ్లదైనా సరే, గోడకి తగిలించి ఉన్న ఫోను కనబడితే ఆయన ఆగుతారు, వంగుతారు, కళ్లజోడు సర్దుకుంటారు.

"ఎనభై అయిదండి మీది," అంటారు, డాక్టరు బీపీ చెప్పినంత గంభీరంగా. "తీసెయ్యమంటారా?"

అవతలివాళ్లు నోరు తెరిచేలోపే వైరు ఆయన చేతిలో ఉంటుంది.

ఈ నిష్ఠకి మూలం ఒక అకాలమరణం. బజారులో ఆయనకి స్టీలు సామాన్ల కొట్టు ఉంది. బిల్లుల కోసం కొన్న లాప్‌టాప్‌ని పొద్దున్న షట్టరు ఎత్తగానే ప్లగ్గులో పెట్టేవారు, రాత్రి షట్టరు దించేటప్పుడు తీసేవారు. ఏడాది తిరిగేసరికి కరెంటు పోతే లాప్‌టాపూ పోవడం మొదలుపెట్టింది. కొత్త బ్యాటరీ వేయించి, ఒక ఆదివారమంతా యూట్యూబు ముందు కూర్చుని లేచేసరికి ఆయన మరో మనిషి. బ్యాటరీని ఎప్పుడూ నిండుగా ఉంచినా దెబ్బే, పూర్తిగా ఎండగట్టినా దెబ్బే, వేడి తగిలితే మరీ దెబ్బ. ఇంతటి సత్యం తెలియకుండా ఇన్నాళ్లు ఎలా బతికానా అని కొన్నాళ్లు బాధపడ్డారు. ఆ తరవాత ఆ బాధని లోకానికి పంచడం మొదలుపెట్టారు.

కొట్టు కొడుకు మహేంద్ర చేతికొచ్చి, బిల్లులకి వేరే కంప్యూటరు అమరాక, ఆ లాప్‌టాప్‌కి పింఛను ఇప్పించారు. పాత పట్టుపంచెలో చుట్టి, ఇంట్లోకెల్లా చల్లనిదైన ఆవకాయ జాడీల గదిలో పడుకోబెట్టారు. అప్పుడప్పుడూ తీసి, తెరిచి, సగం దాకా ఛార్జి పెట్టి, మళ్లీ చుట్టి పెట్టేవారు. వాడేది లేదు, వాడనిచ్చేది లేదు.

"జాడీ ముట్టుకుంటే నేను ఊరుకోను. దాన్ని ముట్టుకుంటే ఆయన ఊరుకోరు," అని కొత్తకోడలు లక్ష్మీప్రసన్నకి గది చూపిస్తూ అత్తగారు వెంకటరత్నమ్మగారు చెప్పారు. "రెంటికీ మడే. కాకపోతే ఆవకాయ ఎప్పటికైనా అన్నంలోకి వస్తుంది."

ప్రసన్నకి మొదట్లో ఇదంతా సరదాగానే ఉండేది. మామగారు నీళ్ల ట్యాంకు నిండకుండానే మోటారు కట్టేస్తారని, స్కూటరుకి గాలి కాస్త తక్కువే కొట్టిస్తారని తెలిసి నవ్వుకుంది. సినిమాకి తీసుకెళ్తే ఆఖరి ఫైటు ముందు లేచి చెప్పులు వెతుక్కున్నారు.

"అయిపోలేదు కదండీ మామయ్యగారూ."

"ఆ మిగతా ఇరవై మనకి తెలిసిందేనమ్మా. పద, ఆటోలు దొరకవు."

అసలు చిక్కు భోజనాల దగ్గర. గోదావరి జిల్లాల్లో విస్తరి ముందు కూర్చున్న మనిషి చాలంటే అర్థం ఇంకో రెండు గరిటెలని. వద్దని చెయ్యి అడ్డం పెడితే ఆ చెయ్యి పక్కనుంచి వడ్డిస్తారు. అలాంటి చోట ఈయన పెరుగన్నం రాకముందే "నాకు ఎనభై అయిందండి" అని లేచిపోతారు. పెట్టినవాళ్లు పులుసులో ఉప్పెక్కువైందా అని రుచి చూసుకుంటారు. ఆడపెళ్లివారు మొహమొహాలు చూసుకుంటారు. రాజమండ్రిలో ఒక పెళ్లికి వెళ్తే, తెరమీద వధూవరుల వీడియో వేస్తున్న ఫోటోగ్రాఫరు లాప్‌టాప్ దగ్గర తచ్చాడి ప్లగ్గు పీకారు. వీడియోలో పెళ్లికొడుకు పడవలోంచి చెయ్యి అందిస్తున్నాడు, పెళ్లికూతురు కాలు ఎత్తింది. తెర నల్లబడింది.

"ఎవరండీ తీసింది?" అని ఫోటోగ్రాఫరు అరిచాడు.

"నేనేనండి. తొంభై ఒకటి ఉంది. మీ మేలుకే."

"నా మేలేంటండీ, దాని బ్యాటరీ చచ్చి చాలా కాలమైంది."

"చూశారా మరి," అన్నారాయన చుట్టూ ఉన్నవాళ్లతో, తన వాదం రుజువైనట్టు.

ఈ కథ ప్రసన్న స్నేహితులకి చెప్పి నవ్వించింది కూడా. అదే తన గదిలోకి వచ్చేదాకా.

ప్రసన్నది హైదరాబాదు కంపెనీలో ఉద్యోగం, ఇంటినుంచే చేసుకోవచ్చు. మీటింగులకి, పనికి ఆమె సొంత లాప్‌టాపే. దాన్ని కాలేజీ రోజుల్నించీ మంచంమీద దిండుకి చేరేసి, వైరు తియ్యకుండా, ఒళ్లు కాలిపోయేలా వాడింది. దాని బ్యాటరీ వైరు తీస్తే ఒక్క ఊపిరి కూడా నిలబడదని ఆమెకి తెలుసు. మామగారికి తెలియదు. అమెరికా క్లయింట్లతో మాట్లాడుతూ, మాటమధ్యలో మంచినీళ్ల గ్లాసు అందుకుందామని ఆమె ఇటు తిరిగింది. మళ్లీ అటు తిరిగేసరికి క్లయింట్లు లేరు. గుమ్మం దగ్గర ప్లగ్గు పట్టుకుని మామగారున్నారు.

"నూరు ఉందమ్మా," అన్నారాయన. "పొద్దుట్నించీ నూరే."

మేనేజరు సుధాకర్ ఫోను చేశాడు. "ప్రసన్నగారూ, గురువారం డెమో కూడా మీరే ఇవ్వాలి. మళ్లీ ఇలా డ్రాప్ అయితే మాత్రం ఇంటినుంచి కుదరదండి. హైదరాబాదు ఆఫీసుకి వచ్చెయ్యాలి."

హైదరాబాదు అంటే మహేంద్ర ఇక్కడ కొట్లో, తను అక్కడ హాస్టల్లో. లేదంటే ఉద్యోగం మానెయ్యడం. రెండూ ఆమెకి ఇష్టం లేదు. ఫోను పెట్టేసి, కాపురానికొచ్చాక మొదటిసారి మామగారికి ఎదురుగా నిలబడింది.

"మామయ్యగారూ, మీ ఎనభై మీ దగ్గర పెట్టుకోండి. నా వస్తువుల జోలికి రాకండి."

ఆయన ప్లగ్గు ఎక్కడిదక్కడ పెట్టి వెళ్లిపోయారు. ఆ రోజునుంచి ఆమె గది గడప తొక్కలేదు. ఆఖరికి హాల్లో ఛార్జింగుకి పెట్టిన ఆమె ఫోను తొంభైకి చేరినా, తల తిప్పుకుని పేపరు చదువుకున్నారు. ఆయన చదువుతున్న పేజీలో సంబంధాల ప్రకటనలు తప్ప ఏమీ లేవని ప్రసన్న గమనించింది. గమనించి కూడా ఫోను ప్లగ్గులోంచి తియ్యలేదు.

కొత్త బ్యాటరీకి ఆర్డరు పెట్టింది. అది రాజమండ్రి దాకా వచ్చి ఆగింది. ఎందుకంటే బుధవారానికి వాయుగుండం తుపానై కూర్చుంది. గురువారం తెల్లవారుతూనే కరెంటు పోయింది. అయినా ప్రసన్న బెంగపడలేదు, ఇన్వర్టరుంది. డెమో పదకొండింటికి. అప్పటిదాకా ఏ ఫ్యానూ వెయ్యకుండా కాచుకుంది. పదిన్నరకి హాల్లో ఇన్వర్టరు కుయ్యోమని మూలిగి ఆగిపోయింది. దానితోపాటే వంటింట్లో ఇంకేదో కూడా ఆగింది.

వెళ్లి చూస్తే అత్తగారు మిక్సీ జారు పట్టుకుని నిలబడి ఉన్నారు. గాలికి రేకులు లేచిపోయి ఎదురింటివాళ్లు ఇంటిల్లిపాదీ వచ్చి వరండాలో కూర్చున్నారు.

"అత్తయ్యగారూ, ఇన్వర్టరు మీద మిక్సీ వేశారా?"

"మరేం చెయ్యమంటావు? గాలివానలో ఇంటికొచ్చినవాళ్లని ఒట్టి కాఫీతో కూర్చోబెడతామా? గారెలపప్పు అమ్మా. మూడు వాయిలే తిప్పాను."

ప్రసన్న అక్కడే పీటమీద కూలబడింది. సుధాకర్‌కి ఏం చెప్పాలి? మినప్పప్పు వల్ల డ్రాప్ అయ్యానని చెప్పాలా? హాస్టలు గది, స్టీలు మంచం, ఆదివారాలు మహేంద్రతో వీడియో కాలు, అన్నీ వరసగా కళ్లముందుకొచ్చాయి.

జాడీల గది తలుపు చప్పుడైంది. కుక్కుటేశ్వరరావుగారు పట్టుపంచె మూట రెండు చేతులతో పట్టుకుని వచ్చారు, ఉత్సవ విగ్రహాన్ని తెచ్చినట్టు. బల్లమీద పెట్టి ముడి విప్పారు. లాప్‌టాప్ ఆవకాయ వాసన కొట్టింది.

"వాడుకో అమ్మా."

ప్రసన్న తెరిచింది. మూలనున్న అంకె చూసి, కళ్లు నులుముకుని మళ్లీ చూసింది.

"మామయ్యగారూ, ఇది నూరు ఉందండి."

"ఉంటుంది."

"ఎవరు పెట్టారు?"

"నేనే. నిన్న టీవీలో తుపానన్నారు." ఆయన గొంతు సవరించుకున్నారు. "తొంభై దాటాక చూడలేక కళ్లు మూసుకున్నాను."

"అందుకా నిన్న ఆ గదిముందు కుర్చీ వేసుకుని చెమటలు కక్కారు?" అన్నారు వెంకటరత్నమ్మగారు. "గుండెనొప్పేమోనని నేను ఆంజనేయస్వామికి వడమాల మొక్కేశాను. ఇప్పుడు ఆ పప్పు కూడా రుబ్బాలి."

తెరమీద మీటింగు యాప్ ముందే ఉంది. మొన్న ప్లగ్గు పీకిన మర్నాడే మహేంద్ర చేత వేయించానని ఆయన నేలకేసి చూస్తూ చెప్పారు.

"ఇన్నేళ్లూ ఎవర్నీ ముట్టనివ్వలేదు కదండీ. మరి ఇలా..."

"ఎవరికో ఎప్పుడో అవసరం పడుతుందనే కదమ్మా. పడింది."

ఇలాంటి చోట మరొకరైతే ఓ నీతివాక్యం చెప్పి కన్నీళ్లు పెట్టించేవారు. ఆయనకి అంత తీరిక లేదు.

"నెట్టు ఫోన్లోంచేగా? ఫోను ఎంతుంది?"

"డెబ్భై తొమ్మిదండి."

చాలా రోజుల తరవాత ఆయన ముఖంలో వెలుగు కనిపించింది.

డెమో జరిగినంతసేపూ ఆయన గది బయట కుర్చీలో కాపలా కూర్చున్నారు. గారెల పళ్లెంతో వచ్చిన భార్యని రెండుసార్లు వెనక్కి పంపారు. కిటికీ తలుపులు కొట్టుకుంటున్నా, పక్క వీధిలో కొబ్బరిచెట్టు కూలినా ఆ పాత లాప్‌టాప్ కన్నార్పలేదు. చివర్లో సుధాకర్ అన్నాడు, "బయట ఆ మోత ఏంటండీ, తుపానా? దాంట్లో కూడా డ్రాప్ అవ్వలేదంటే ఇంక మీరు ఎక్కడుంటే ఏంటి. అక్కడే ఉండండి."

తలుపు తీసి బయటికొచ్చేసరికి మామగారు లేచి నిలబడ్డారు. ఉద్యోగం ఉందా అని అడగలేదు. "ఎంత మిగిలింది?" అన్నారు.

"నలభై రెండండి."

"మంచిది. ఇరవైకి దిగలేదు," అని, లాప్‌టాప్ తీసుకుని పంచెలో చుట్టుకున్నారు.

మధ్యాహ్నం ఎదురింటివాళ్లతో కలిసి అందరూ వరసగా భోజనాలకి కూర్చున్నారు. వడ్డన ప్రసన్నది. గారెలయ్యాయి, పప్పు అయింది, పులుసు అయింది. పెరుగు గిన్నె పట్టుకుని ఆమె తన దగ్గరికి వచ్చేసరికి ఎప్పటిలాగే మామగారు విస్తరిమీద చెయ్యి అడ్డం పెట్టారు.

"చాలమ్మా. ఎనభై అయింది."

ప్రసన్న వంగింది. గరిటె దించలేదు.

"మామయ్యగారూ, తుపాను ఇంకా తీరం దాటలేదండి."

కుక్కుటేశ్వరరావుగారు బయట వానకేసి చూశారు. కాసేపు తీవ్రంగా ఆలోచించారు. తరవాత విస్తరిమీంచి చెయ్యి తీసేసి, కళ్లు మూసుకున్నారు.