ఒంటికి తగిలే వైపు

మా అమ్మ కుట్టిన బొంత కప్పుకుంటే మీద ఎవరో కూర్చున్నట్టుండేది. పాత చీరలు, నాన్న రైల్వే ప్యాంట్లు, చిరిగిన దుప్పటి, ఏది దొరికితే అది లోపల పెట్టి, గోనెసంచులు కుట్టే సూదితో బెత్తెడేసి కుట్లు వేసేది. ఖరగ్‌పూర్ క్వార్టర్లో చలికాలమంతా మేం దాని కిందే పడుకునేవాళ్లం. అందుకని, పెళ్లయ్యాక భవానీపూర్‌లో మేడ మీద వాటా తీసుకుని కాపురం పెట్టిన కొత్తలో, కింద దండెం మీద ఆరేసిన కాంథా చూసి నాకు మతిపోయింది. అదీ బొంతేనట. నాలుగు పొరల గుడ్డట. మడిస్తే చేతిసంచిలో పడుతుంది, విప్పితే మంచమంతా పరుచుకుంటుంది.

తెలియనిది కంటబడితే ఊరుకోవడం నాకు చేతకాదు. ఈ గుణం వల్ల చిన్నప్పుడు తన్నులు తిన్నాను, పెద్దయ్యాక మాటలు పడ్డాను, అయినా మారలేదు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు కదా. ఆ కాంథా అంచు తిరగేసి, వేలితో కుట్లు తడుముతూ నిలబడి ఇంటివాళ్ల పెద్దావిడకి దొరికిపోయాను. ఆవిడ కోప్పడలేదు. నేర్చుకుంటావా అని అడిగింది. అప్పుడు నాకు నాలుగో నెల.

ఆవిడ ఇంటి యజమాని తల్లి. డెబ్బై దాటిన మనిషి. భర్త పోయి నలభై ఏళ్లు. ఆ నలభై ఏళ్లూ అంచు లేని తెల్ల చీరే కట్టింది. చేపా ఉల్లిపాయా ముట్టదు, తన వంట తను వేరే పొయ్యి మీద వండుకుంటుంది. నేను మాషీమా అనేదాన్ని, అంటే పిన్నిగారూ అని. ఆవిడ నన్ను బౌమా అనేది, అంటే కోడలా అని. మేం క్రైస్తవులం, బొట్టు పెట్టుకోం. నా నుదురు బోసిగా ఉండటం ఈ కాలపు పిల్లల ఫ్యాషన్ అనుకుంది ఆవిడ. నేనూ దిద్దలేదు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక కూర్చునేవాళ్లం. బయట మెట్రో కోసం రోడ్డంతా తవ్వేశారు, కిటికీ తీస్తే దుమ్ము, మూస్తే ఉక్క, ఆ ఉక్కలోనే కరెంటు పోయేది. అలాంటప్పుడు కింది వరండాలో ఎర్ర గచ్చు మీద చీరలు పరిచి, నాలుగు మూలలా ఇత్తడి చెంబులు బరువు పెట్టి, ముడత లేకుండా చేత్తో దువ్వేవాళ్లం. కొత్త దారం కొనడం ఆవిడ దృష్టిలో నామోషీ. పాత చీర అంచులోంచి ఒక ఎర్ర పోగు పట్టుకుని ఆవిడ లాగితే బారెడు పొడవున తెగకుండా వచ్చేది. నేను లాగితే జానెడుకే పుటుక్కుమనేది. ముడి పైకి కనబడకూడదు, పొరల మధ్యకు పోవాలి, లేకపోతే పసిబిడ్డ వీపుకు గుచ్చుకుంటుందని చెప్పేది. సూది పైకీ కిందికీ పోయే మామూలు కుట్టే. కానీ వరసలు దగ్గరయ్యే కొద్దీ గుడ్డంతా సన్నగా ముడతలు తేలి, చేతి కింద కదులుతున్నట్టు ఉండేది. అది తడుముతూ కూర్చోవడం ఎంత బాగుండేదంటే, ఇంట్లో పొయ్యి మీద పప్పు మాడిపోయిన రోజులున్నాయి. ఎందుకలా ముడత పడుతుందని అడిగాను. ప్రతిదానికీ ఎందుకంటూ కూర్చుంటే సూది ఎప్పుడు నడుస్తుందంది.

ఆవిడ దగ్గర రెండు మూటలుండేవి. ఒకదాంట్లో కోడలివి, ఇరుగుపొరుగు ఇచ్చినవి, రంగు అంచుల పాత చీరలు. పిల్లల కాంథాలన్నీ వాటితోనే. రెండోదాంట్లో ఆవిడ సొంత తెల్ల చీరలు. ఏళ్ల తరబడి ఉతికి ఉతికి వెన్నలా అయిన గుడ్డ. వాటిని చింపి ఏం చేసేదయ్యా అంటే, గచ్చు తుడిచే గుడ్డలు, వేడి గిన్నె దించే మసిగుడ్డలు, దీపానికి వత్తులు. నా ప్రాణం ఉసూరుమనేది. అంత మెత్తటి గుడ్డతో ఎవరైనా నేల తుడుస్తారా?

ఆరో నెలలో ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను, నా బిడ్డకి ఆ చీర ఒకటి ఇమ్మని. ఆవిడ మొహం మారిపోయింది. అది బిడ్డ ఒంటికి కాదని, మూట ముడేసుకుని లేచి వెళ్లిపోయింది. మూడు రోజులు పిలవలేదు. నాకు ఒళ్లు మండింది. మేం క్రైస్తవులమని ఎలాగో తెలిసి ఇవ్వలేదు కాబోలు, వరండాలో కూర్చోబెట్టుకుంటుంది గాని గుడ్డ ముక్క ఇవ్వడానికి చేతులు రాలేదు అనుకున్నాను. కడుపులో దాచుకునే రకం కాదు నేను. కింద ఆవిడ కోడలిని పట్టుకుని ఆ మాటే అనేశాను.

ఆ కోడలు నన్ను జాలిగా చూసి, అసలు సంగతి చెప్పింది. తన పిల్లలిద్దరికీ కాంథాలు కుట్టింది అత్తగారేనట. కానీ ఆవిడ తన చీర పోగు కూడా వాటిలో పెట్టలేదట. కోడలు అడిగినా వినలేదట. విధవ కట్టి విడిచిన గుడ్డ పసిబిడ్డకు తగిలితే కీడు అని ఆవిడకి ఆవిడే గీత గీసుకుందట. నాకు సిగ్గేసింది. ఆ వెంటనే కోపం కూడా వచ్చింది, ఎవరి మీదో మాత్రం తెలియలేదు.

మళ్లీ నేనే వెళ్లి కూర్చున్నాను. ఆ చీర సంగతి ఇద్దరం ఎత్తలేదు.

ఎనిమిదో నెలలో అమ్మ వచ్చింది. హౌరాలో దిగిన దగ్గర్నుంచి ఇంటికి చేరేదాకా సణుగుతూనే ఉంది. వచ్చాక నేను కుట్టింది చేతిలోకి తీసుకుని, "ఇదేటే, ఇది బొంతా, జేబురుమాలా?" అంది. అంది గాని రెండో రోజుకే తనూ సూది పట్టుకుని వరండాలో చేరింది. అమ్మకి బెంగాలీ రాదు. మాషీమాకి తెలుగు రాదు. నేను మధ్యలో కూర్చుని ఇటుదటూ అటుదిటూ చెప్పేదాన్ని.

అమ్మ అంటే మాషీమాకి ఎక్కడలేని ఆపేక్ష పుట్టుకొచ్చింది. అంతకుముందు మేడ మెట్లు ఎక్కని మనిషి రోజూ పైకి రావడం మొదలుపెట్టింది. తను వండుకున్న కూర గిన్నెలో పెట్టి అమ్మకని ప్రత్యేకంగా పంపేది. అమ్మ నాలుగు రోజులు ఓర్చుకుంది. ఐదో రోజు, "చేపలూరు చేపలూరంటారు, మీ మాషీమా నాకు రోజూ గుమ్మడికాయే పంపుతాదేటే?" అని అడిగింది. పెద్దావిడ ప్రేమ అని సర్దిచెప్పాను. శుక్రవారం అమ్మ ఉపవాస ప్రార్థనలో ఉండి అన్నం ముట్టకపోతే మాషీమా తలూపి ఊరుకుంది. ఆదివారం గుడికి అమ్మ తెల్ల చీర కట్టుకుని వెళ్తుంటే మెట్ల మీద నిలబడి చూసింది. అన్నిట్లో ముక్కు దూర్చే నాకు, ఇవన్నీ కళ్ల ముందు జరుగుతున్నా తట్టలేదు.

తర్వాతి వారం అమ్మ పెట్టె తీసి తన పెళ్లి చీర తెచ్చింది. తెల్ల నూలు చీర. అంచు ఎప్పుడో చిరిగిపోతే విప్పేసింది. బిడ్డ కాంథాకి అదే పై పొర అంది. పరుస్తుంటే మాషీమా చేతిలో చెంబు అలాగే ఉండిపోయింది. దీన్ని బిడ్డకి వేస్తారా అని నన్ను అడిగింది. అమ్మమ్మ చీర కదా, వేస్తాం అన్నాను. అమ్మ గబగబా కుట్టుకుపోతుంటే ఆవిడ తన సూది ఆపి అమ్మ చేతులనే చూస్తూ కూర్చుంది. మర్నాడు నేను కిందికి దిగేసరికి రెండో మూట విప్పి ఉంది. అందులోంచి ఒక చీర తీసి ఒళ్లో పెట్టుకుని దువ్వుతోంది. నన్ను చూసి మళ్లీ లోపల పెట్టేసింది.

శనివారం నాన్న డ్యూటీ దిగి ఖరగ్‌పూర్ నుంచి వచ్చాడు, సంచి నిండా రొయ్యలతో. అమ్మా మాషీమా పైన మా వరండాలో కుడుతున్నారు. నాన్న సంచి అమ్మ చేతికిచ్చి, లేత బెండకాయలు కొన్నావా లేదా అని ఏదో గొణిగి లోపలికి పోయాడు. ఆయన ఎవరని మాషీమా అడిగింది. మా నాన్న అన్నాను. ఆవిడ అమ్మ వైపు చూసింది, రొయ్యల సంచి వైపు చూసింది, ఆ తర్వాత కింద పరిచిన తెల్ల గుడ్డ వైపు చూసింది. ఇది అమ్మ పెళ్లి చీర అని, మాలో పెళ్లికూతురు కట్టేది తెల్ల చీరేనని అప్పుడు చెప్పాను.

మాషీమా సూది గుడ్డకు గుచ్చి, చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఈవిడా నాలాంటిదే అనుకున్నాను బౌమా," అంది. "నాలాంటిది కూర్చుని, తన గుడ్డతో బిడ్డకి కుట్టుకుంటోంది, ఎవరూ వద్దనడం లేదు అనుకున్నాను."

గుమ్మడికాయ కూర దగ్గర్నుంచి మొత్తం అప్పుడు అర్థమైంది నాకు. ఏమందని అమ్మ అడిగితే అంతా విడమర్చి చెప్పాను. అమ్మ నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు. రొయ్యల సంచి తన వెనక్కి జరుపుకుంది. కాసేపు కొంగుతో చేతులు తుడుచుకుంటూ కూర్చుంది.

"ఆవిడికి చెప్పు," అంది. "మా అమ్మా మొగుడు పోయిన మనిషే. నువ్వు పుట్టినప్పుడు నీకు మొదటి బొంత ఆవిడ చీరతోనే కుట్టేనని చెప్పు."

మా అమ్మమ్మ నేను పుట్టకముందే పోయింది. తాతయ్య ఆ తర్వాత ఎన్నో ఏళ్లు బతికాడు, నన్ను భుజాన ఎక్కించుకుని తిప్పాడు. బైబిలు వచనం చదవకుండా చదివానని చెప్పినందుకు ఎనిమిదేళ్లప్పుడు నన్ను గోడకుర్చీ వేయించిన మనిషి మా అమ్మ. ఆ మనిషి నా కళ్లలోకి సూటిగా చూస్తూ, "చెప్పవేటి?" అంది.

చెప్పాను. నాకొచ్చిన బెంగాలీలో పొల్లుపోకుండా చెప్పాను.

ఆ బిడ్డకేం కాలేదా అని మాషీమా మెల్లగా అడిగింది. నేను తెలుగు చేసి చెప్పాను. అమ్మ సూదితో నన్ను చూపించింది. "ఇదిగో, ఇదే ఆ పిల్ల. నోటి దురద తప్ప దీనికేటీ రోగం లేదు."

అదీ నేనే చెప్పాల్సొచ్చింది. మాషీమా నన్ను నెత్తి నుంచి పాదాల దాకా చూసింది, కత్తెర పెట్టే ముందు గుడ్డను చూసినట్టు. మోకాలు పట్టుకుని లేచి, మెట్లు దిగి వెళ్లిపోయింది. పని చెడిందనుకున్నాను. కాసేపటికి మళ్లీ మెట్ల మీద చప్పుడైంది. ఆవిడ చేతిలో ఒక చీర ఉంది. అమ్మ చేతికివ్వలేదు, చాప అంచున పెట్టింది. మధ్యలో వేయండి, ఎవరికీ కనబడకుండా, బిడ్డకు తగలకుండా, అని చెప్పింది. అలాగే అంది అమ్మ.

ఆవిడ వెళ్లాక అమ్మని నిలదీశాను. అమ్మ తొణకలేదు. "ఆదివారం దేవుణ్ణి క్షమించమని అడుక్కుంటాలే. అబద్ధం నాది, బెంగాలీ నీది. నువ్వూ మోకరించు." ఆదివారం గుడిలో అమ్మ అందరికంటే ఎక్కువసేపు మోకాళ్ల మీద ఉంది. నాకు ఆ పొట్టతో వంగడం కాలేదు. తల మాత్రం దించుకున్నాను.

అమ్మ వేసిన కుట్లన్నీ విప్పేసి పొరలు మళ్లీ పరిచింది. కాళ్ల వాపులతో నేను మంచం దిగలేదు, అందుకని ఏది ఎక్కడ వేసిందో చూడలేదు. మాషీమా ఆ తర్వాత పైకి రాలేదు. భయపడిందని నాకు తెలుస్తూనే ఉంది. నిజం చెబితే నాకూ కొంచెం భయం వేసింది. నవ్వుకునేదాన్ని, మళ్లీ బిడ్డ కదలికలు లెక్కపెట్టుకునేదాన్ని. అమ్మ చెప్పిన కథ ఆవిడ నమ్మిందా, నమ్మాలని నమ్మిందా అన్నది ఇప్పటికీ నాకు తెలియదు. ఇన్నిటికి ఎందుకని అడిగిన దాన్ని, అది మాత్రం అడగలేదు.

ఆడపిల్ల పుట్టింది. ఆసుపత్రి నుంచి తెచ్చిన మర్నాడు మాషీమా వచ్చి గుమ్మం దగ్గర ఆగిపోయింది. అమ్మ వెళ్లి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి మంచం మీద కూర్చోబెట్టింది. పిల్ల బాగుందా అని మాషీమా ఒకటికి రెండుసార్లు అడిగింది, జ్వరం ఏమైనా వచ్చిందా అని అడిగింది. ఏమీ లేదన్నాను. అప్పుడు పిల్ల కింద పరిచిన కాంథా అంచు పట్టుకుని తిరగేసింది. కింది వైపు అమ్మ పెళ్లి చీర. మళ్లీ ఇటు తిప్పింది. పిల్ల పడుకున్న వైపు, కాళ్ల దగ్గర, చిన్న రఫూ ఉంది. తను ఎప్పుడో కట్టుకునే రోజుల్లో చిరిగితే తనే వేసుకున్న రఫూ. దాని మీద ఆవిడ వేలు ఆగిపోయింది.

తల ఎత్తి అమ్మను చూసింది. అమ్మ గోడ వైపు తిరిగి గుడ్డలు మడత పెడుతోంది, అవసరం లేకపోయినా.

అంతలో పిల్ల కాళ్లు ఆడించి, పోయాల్సింది పోసేసింది. తెల్ల గుడ్డ మీద తడి పాకి రఫూ దాకా వచ్చింది. మాషీమా చెయ్యి తీయలేదు. ఆ తడి మీదే అరచెయ్యి ఉంచి, "తడిపేసింది," అంది. మళ్లీ అమ్మ వైపు తిరిగి, అమ్మకి బెంగాలీ రాదని మర్చిపోయి, "నా చీర తడిపేసింది," అని చెప్పింది. అంత సంతోషంగా ఆ మాట అన్నవాళ్లను నేను మరి చూడలేదు.