టేపు కింద టంకం

మీటరు మేస్త్రి షెడ్డులో పని ఎప్పుడూ ఇద్దరిది. కారు కింద దూరి వైర్లు కదిపేది ఆయన, డ్రైవరు సీట్లో కూర్చుని ఎదురుగా మీటరు ముల్లు చూసి చెప్పేది ఆయన భార్య. "లేచింది... పడింది... మళ్లీ లేచిందండీ!" అని ఆవిడ పెట్టే కేకలు పక్క వీధిదాకా వినబడేవి. ఇరవై రెండేళ్లు అలా నడిచింది. ఆవిడ పోయి మూడేళ్లయింది. ఇప్పుడు వైరు కదిపేదీ ఆయనే, నడుం పట్టుకుని లేచొచ్చి చూసేదీ ఆయనే. వచ్చి చూసేలోపు ఏది లేచిందో ఏది పడిందో ఎవరికి తెలుసు?

ఆ పొద్దున నర్సమ్మ కారు మూడోసారి తిరిగొచ్చింది. మంచంపట్టినవాళ్ల ఇళ్లకు వెళ్లి ఇంజెక్షన్లిచ్చి, కట్లు మార్చే మనిషావిడ. కారు చక్కగా పోతూ పోతూ ఉండగా స్పీడు ముల్లు టప్పున సున్నాకి పడిపోతోంది. దాంతో గేరు తనంతట తాను మారి, వెనక నుంచి ఎవరో తన్నినట్టు కారు ఎగురుతోంది. స్కానరు పెట్టి చూస్తే స్పీడు సెన్సారు అని చూపించింది. మేస్త్రి సెన్సారు మార్చాడు. వారం తిరక్కుండా మళ్లీ అదే తంతు. ఇంకోటి వేశాడు. మళ్లీ అదే.

"నిన్న వంతెన మీద లారీ ముందు ఎగిరిపడింది అన్నయ్యా, నా పై ప్రాణాలు పైనే పోయాయి," అంది నర్సమ్మ. "సాయంత్రం అయిదింటికి వస్తాను. అప్పటికీ కాకపోతే మలుపులో ఆ కొత్త కంప్యూటరు షాపుకిచ్చేస్తా. ఏమీ అనుకోకు. అది సరే, తిన్నావా?"

"తిన్నానమ్మా," అని అబద్ధమాడాడు.

ఏమీ అనుకోకు అంటే మాత్రం అనుకోకుండా ఉంటాడా? మిగతావాళ్లంతా ఆ షాపుకి ఎప్పుడో మారిపోయారు. వాళ్లు పోయినందుకు ఆయనకు చీమ కుట్టినట్టయినా లేదు. కానీ షెడ్డులోకొచ్చి "అన్నయ్యా, తిన్నావా?" అని అడిగే మనిషి ఈ నర్సమ్మ ఒక్కతే. కారు రావడం మానేస్తే ఆ మాటా మానేస్తుంది. అదీ ఆయన భయం.

ముందు చక్రం ఒకటి జాకీ మీద లేపాడు. సెన్సారుకు ఉన్నవి మూడే వైర్లు. ఒకటి కరెంటు తెచ్చేది, ఒకటి ఎర్తు, మూడోది చక్రం ఎంత జోరుగా తిరుగుతోందో ఆ కబురు మోసుకెళ్లేది. తాళం తిప్పి, కరెంటు కొలిచే చేతి మీటరు పెట్టాడు. కరెంటు నిండుగా ఉంది. ఎర్తు గట్టిగా ఉంది. చక్రాన్ని చేత్తో తిప్పితే కబురు వైరు దగ్గర అంకెలు బుద్ధిగా ఎక్కి దిగుతున్నాయి. అంటే సెన్సారు బంగారంలా ఉంది. పీకి పారేసిన రెండూ కూడా అలాగే ఉండుంటాయి.

"నా తెలివి తెల్లారినట్టే ఉంది," అని తిట్టుకున్నాడు.

ఇక మిగిలింది దారిలో వైరు. దాని రెండు చివర్లూ ఊడదీసి, పొడుగు వైరు వేసి మీటరుకు తగిలించాడు. ఆ మీటరుకు ఒక కూత ఉంది. వైరు తెగకుండా ఉన్నంతసేపూ కుయ్యిమని అరుస్తూనే ఉంటుంది. భార్య ఉన్నన్నాళ్లూ ఆ కూత మీట నొక్కనిచ్చేది కాదు. "నేనుండగా దీని గోలెందుకండీ," అనేది. మేస్త్రి ఇవాళ మొదటిసారి నొక్కాడు. షెడ్డంతా కూత నిండిపోయింది.

గేర్‌బాక్సు నుంచి వైరును గుంజుతూ, వంచుతూ డాష్‌బోర్డుదాకా వచ్చాడు, ఒక్క జానెడు చోటు వదిలేసి. పక్క సీటు ముందు కార్పెట్టు కింద ఒక జాయింటుంది. ఎనిమిదేళ్ల కిందట ఎలుక కొరికితే వేసిన జాయింటు. టంకం ఆయనది, టేపు చుట్టింది ఆవిడ. వేరే మేస్త్రి ఎవడైనా మొదట విప్పేది దాన్నే. ఈయన మూడుసార్లూ దాని జోలికి పోలేదు. ఆవిడ చుట్టింది చెడడమా! ఆ మాట ఎవరైనా అని ఉంటే మీదపడి కొట్టేవాడు.

డాష్‌బోర్డు కిందికి వంగబోతూ మోకాలు ఆ కార్పెట్టు మీద ఆనించాడు. కూత ఆగిపోయింది.

మోకాలు తీశాడు. కూసింది. ఆనించాడు. ఆగింది. మీటరు కట్టేసి, కారు గడప మీద కూర్చుని చాలాసేపు తన చెప్పుల వంక చూస్తూ ఉండిపోయాడు. గోడ గడియారం నాలుగు కొట్టాకగానీ కార్పెట్టు లేపలేదు.

టేపు కొస చిన్న చెవిలా మడిచి ఉంది. ఆవిడ అలవాటది. "రేపెవరో విప్పుతారు కదండీ, పాపం గోళ్లు విరగ్గొట్టుకోవాలా?" అనేది. ఆ చెవి పట్టుకుని మెల్లగా విప్పాడు. లోపల చెమ్మ లేదు, చిలుము లేదు, దుమ్ము రవ్వ లేదు. చుట్టిన చుట్టు చుట్టినట్టే ఉంది. టంకమే బూడిదరంగు ముద్దలా ఉంది. దాంట్లో వైరు పుచ్చిపోయిన పన్నులా కదులుతోంది.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు తొందరలో ఉన్నాడు. ఆవిడ వంగి చూసి, "ఇది మెరవడంలేదండీ. సరిగా పట్టినట్టు లేదు, ఇంకోసారి వేడి పెట్టండి," అంది. "నాకు నేర్పుతావా? నోర్మూసుకుని చుట్టు!" అన్నాడీయన, ముక్కు మీద కోపంతో. ఆవిడ చుట్టింది. కొస మడిచింది కూడా.

మేస్త్రికి తల కొట్టేసినట్టయింది. అక్కడే కూర్చుని ఏడ్చాడు. క్షమించమని అడగడానికి మనిషి లేదు. తరవాత లేచి పాత ముద్ద కత్తిరించేసి, వైర్లు గీకి, మెలేసి వేడి పెట్టాడు. మెరిసింది. అయినా ఇంకోసారి పెట్టాడు. టేపు చుట్టి కొస మడిచాడు.

అయిదింటికి నర్సమ్మ వచ్చి స్టీరింగు పట్టుకుంది. మేస్త్రి పక్క సీట్లో కూర్చున్నాడు. వంతెన ఎక్కుతుంటే కళ్లు ముల్లు మీద నుంచి తిప్పకుండా, "ముప్ఫై... లేచింది... నలభై... పడలేదు... యాభై," అంటూనే ఉన్నాడు.

"నాకు కనబడుతోందిలే అన్నయ్యా," అని నవ్వింది నర్సమ్మ. కారు ఎక్కడా ఎగరకుండా వంతెన దిగింది. "ఇంతకీ ఏం పాడైంది?"

"మీ వదిన ఇంకోసారి వేడి పెట్టమందమ్మా," అన్నాడు మేస్త్రి. "ఇవాళ పెట్టాను."