ఎర్రగుంట్ల సంబంధం

ఆ రోజుల్లో ఓపిక అనేది అంగట్లో కూర్చున్నవాడికి కావాలిగాని దేవుని ముందు మోకరించినవాడికి అక్కర్లేదని నేను గట్టిగా నమ్మేవాణ్ణి. ప్రొద్దుటూరు బజారులో మాది స్టీలు సామాన్ల అంగడి. బిందె కొనడానికి వచ్చినామె ఒక పూటంతా దాన్ని తట్టి, తిప్పి, వెలుతురుకు పట్టి చూసి, చివరికి "ఇంట్లో అడిగి వస్తా" అని లేచిపోతే నవ్వుతూ సాగనంపడం నాకు ఉగ్గుపాలతో వచ్చిన విద్య. (వాళ్ళు తిరిగి రారు. ఇంట్లో అడగను కూడా అడగరు.) ఆదివారం చర్చిలో మోకాళ్ళ మీద నిలబడితే మాత్రం ఆ ఓపిక ఎటు పోయేదో. "ప్రభువా, ఈస్టరు లోపల నాకు పెళ్ళి కుదిరిస్తే చర్చికి ఫ్యాను ఇస్తా" అని మొదలుపెట్టి, జవాబు రాకపోయేసరికి రెండు ఫ్యాన్లకు, ఆ తర్వాత మైకుసెట్టుకు పెరిగాను. బేరంలో ఒకడు నోరు మెదపకుండా కూర్చుంటే రెండోవాడే ధర పెంచుకుంటూ పోతాడన్నది మా నాయన నేర్పిన మొదటి పాఠం. నేను రెండోవాణ్ణయ్యానని గమనించుకోలేదు.

నిజం చెప్పాలంటే నా తొందరకు కారణం పెళ్ళి మీద మోజు ఒక్కటే కాదు, జమ్మలమడుగు బావ. మా మేనత్త కొడుకు, నాకంటే కొన్ని నెలలే పెద్ద. ఇద్దరం ఒకే రోజు బాప్తిస్మం తీసుకున్నాం. నీళ్ళలో మునిగి లేచినప్పటి నుంచి ఆశీర్వాదాలన్నీ దారి తప్పకుండా బావ ఇంటికే పోయేవి. కలమల్ల దగ్గర కరెంటు ఫ్యాక్టరీలో ఉద్యోగం, ఆ వెంటనే పెళ్ళి, ఆ వెంటనే కొడుకు. మా వాళ్ళలో ఒక పద్ధతి ఉంది. దేవుడు మేలు చేస్తే ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టి, పాటలు పాడించి, సాక్ష్యం చెప్పి, వచ్చినవాళ్ళకు కడుపునిండా అన్నం పెట్టాలి. ఆ అన్నం వండే డేగిసాలు మా అంగడివి. వాటిని ఆటోలో వేసుకుని జమ్మలమడుగుకు చేర్చేది నేను. అంటే దేవుడు బావను దీవించిన ప్రతిసారీ నా నడుము పట్టేసేదన్నమాట.

పిల్లవాడు పుట్టినప్పటి కూడికలో బావ లేచి సాక్ష్యం చెప్పాడు. "నేనేం పట్టుబట్టి అడగలేదప్పా. ఏదో ఒకసారి చెప్పుకున్యా. ఆయనే ఇచ్చినాడు. స్తోత్రం." అందరూ ఆమేన్ అన్నారు. నేను పెదాలు మాత్రం కదిపాను. ఇక్కడ నేను మైకుసెట్టు దాకా వచ్చి నిలబడితే, ఈ మనిషి ఏదో ఒకసారి చెప్పుకున్నాడట. భోజనాల దగ్గర బావ నా పక్కకు వచ్చి కూర్చున్నాడు.

"ఏం బామ్మర్దీ, తినకుండా కెలుకుతాండావు?"

"కూర సరిగా ఉడకలేదు బావా."

"డేగిసా మీ అంగడిదే కదప్పా" అన్నాడు, నవ్వకుండా.

అంతకు ముందు నెలలోనే మా చర్చి అయ్యగారు నాకు పులివెందుల సంబంధం ఒకటి చూపించి ఉన్నారు. పిల్ల తండ్రి దర్జీ. పిల్ల ఆయన పక్కనే రెండో మిషను మీద జాకెట్లు కుట్టేది. చూడబోయినప్పుడు మేము మర్యాదగా మా అంగడి స్టీలు డబ్బాలో మిఠాయి పెట్టుకుపోయాం. ఆ అమ్మాయి మిఠాయి వంక చూడలేదు. డబ్బా మూత రెండుసార్లు తీసి పెట్టి, "మూత వదులుగా ఉంది. దీంట్లో ఉప్పు పోస్తే చెమ్మగిల్తాది" అంది. ఎందరో ఆడవాళ్ళు ఆ డబ్బాలు కొన్నారు, ఒక్కరూ ఆ మాట అనలేదు. నా మనసు అక్కడే, ఆ మూత కిందే ఉండిపోయింది. బయలుదేరేటప్పుడు తండ్రి చేతులు జోడించి, "ప్రార్థన చేసి చెప్తాం" అన్నాడు.

వారాలు గడిచాయి, కబురు లేదు. "దేవుని బిడ్డలు గదరా, నిజంగానే ప్రార్థన చేస్తాండారేమో" అన్నాడు మా నాయన. నాకు నమ్మకం కలగలేదు. ఇంట్లో అడిగి వస్తామన్న మాటకు విశ్వాసులు వాడే పేరు ప్రార్థన చేసి చెప్తామనేది, అంతే. పైగా బావ కొడుకు నా కలలోకి కూడా వచ్చి కేరింతలు కొడుతున్నాడు. ఇక లాభం లేదని మా వృత్తిలో అందరికీ తెలిసిన మందు తీశాను. బిందె కొనకుండా మెట్లు దిగబోయే ఆమెతో, "ఇందాకే ఇంకొకామె దీన్ని చూసి పోయిందమ్మా, సాయంత్రం వచ్చి తీసుకుంటానంది" అంటాం. ఆ రెండో ఆమె ఈ లోకంలో ఉండదు. అయినా మొదటి ఆమె చప్పున వెనక్కి తిరుగుతుంది. నేను నేరుగా అయ్యగారి దగ్గరికి పోయి, "ఎర్రగుంట్ల నుంచి గూడా ఒక సంబంధం అడుగుతాండారు అయ్యగారూ. పులివెందుల వాళ్ళకు ఒక మాట చెవిన వేయండి" అన్నాను. ఆయన మంచివారు, వెంటనే వేశారు.

ఆ సాయంత్రమే పిల్ల తండ్రి నాకు ఫోను చేశాడు. గొంతులో ఎంత సంతోషమో. "నీ ఎర్రగుంట్ల సంబంధం మాట తెలిసినాక ఇంటిల్లిపాదీ దేవుణ్ణి స్తుతించినాం నాయనా. ఇది నీ చిత్తం కాకుంటే తలుపు నువ్వే మూసెయ్యి ప్రభువా అని రోజూ అడుగుతాంటిమి. మూసినాడు. ఎర్రగుంట్ల పాప కోసం గూడా ప్రార్థన చేస్తాండాం."

మా బజారు చరిత్రలో ఇంత ఆనందంగా మెట్లు దిగిపోయిన గిరాకీ ఇంకొకరు ఉండరు.

మర్నాడే పులివెందుల బస్సెక్కాను. ఆ బస్సు ఎర్రగుంట్ల మీదుగానే పోతుంది. సిమెంటు లారీల మధ్య ఇరుక్కుని అక్కడే చాలాసేపు ఆగిపోయింది. కిటికీలోంచి ఆ ఊరిని చూస్తుంటే, పుట్టని పెళ్ళికూతురు ఏ సందులోంచో వచ్చి నన్ను నిలదీస్తుందేమోనని భయమేసింది.

దర్జీ అంగట్లో ఆయన గుడ్డ కత్తిరిస్తున్నాడు, అమ్మాయి మిషను మీద ఉంది. "మామా" అన్నాను. (ఇంకా కుదరకముందే వరస కలిపేశాను, అలవాటు.) "ఆ ఎర్రగుంట్ల సంబంధం అంత గట్టిది కాదు మామా" అని నసిగాను. ఆయనకు అర్థం కాలేదు. మిషను ఆగింది.

"నాయనా, ఆ పాప పేరేందో అడుగు" అంది అమ్మాయి, తల ఎత్తకుండా.

నాకు పేర్లకు కొదవా. మా సండేస్కూలు పిల్లల పేర్లే బోలెడు. కానీ ఆ క్షణంలో ఒక్కటీ నోటికి రాలేదు. "పేరు… ఇంకా పెట్టలేదు" అన్నాను.

అమ్మాయి గబగబా దారం కొరికే నెపంతో తల వంచుకుంది, భుజాలు మాత్రం ఊగుతున్నాయి. తండ్రి నవ్వలేదు. కత్తెర పక్కన పెట్టి నా వైపు తిరిగాడు. "అట్లయితే మళ్ళా మొదటి నుంచి ప్రార్థన చెయ్యాల. చేసి చెప్తాం. ఈసారి నువ్వు యా ఊరి పిల్లనూ పుట్టించొద్దు."

శనక్కాయ విత్తేటప్పుడు మొదలైన ఆ ప్రార్థన, కాయలు పీకి ఎండబెట్టినా ముగియలేదు. నా దగ్గర ఎత్తులు అయిపోయాయి. ఫ్యాన్లు, మైకుసెట్టు మాట ఎత్తాలన్నా సిగ్గేసేది. బేరమాడకుండా ఎలా ప్రార్థించాలో తెలియక, చర్చిలో ఊరికే మోకాళ్ళ మీద నిలబడి "నీ ఇష్టం" అనడం మొదలుపెట్టాను. మొదట్లో అది కూడా అలిగినట్టే అనేవాణ్ణి. పోనుపోను అలక అరిగిపోయి మాట మాత్రం మిగిలింది. ఈ లోపల బావ ఇల్లు కట్టుకున్నాడు. డేగిసాలు మళ్ళీ ఆటో ఎక్కాయి. (అలక అరిగింది గాని అసూయ స్టీలు లాంటిది, తుప్పు కూడా పట్టదు.)

చివరికి ఒక శుక్రవారం మధ్యాహ్నం కబురొచ్చింది. వాళ్ళకు ఇష్టమే. ఆ అమ్మాయే ఇప్పుడు మా అంగట్లో గల్లాపెట్టె దగ్గర కూర్చుని, మూతలన్నీ బిగించి చూడందే సరుకు దించుకోనివ్వదు. ఆ మధ్యాహ్నం మాత్రం నేను అమ్మకు కూడా చెప్పకుండా జమ్మలమడుగుకు పరిగెత్తాను. ఈసారైనా బావ మొహం నల్లబడడం కళ్ళారా చూడాలని. బావ డ్యూటీ దిగి వచ్చి, వసారాలో గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. సంగతి చెప్పాను.

"స్తోత్రం" అన్నాడు. అని, లోపలికి కేకేశాడు. "ఏమే, అన్నం పెట్టు."

అక్క (బావ భార్య నాకు అక్క వరస) పళ్ళెంతో వచ్చి నా వంక చూసింది. "కుదిరిందా? బతికించినావు నాయనా. నీకు కుదిరేదాకా ప్రతి శుక్రవారం పొద్దుగుంకేదాకా మెతుకు ముట్టనని కూచున్యాడు ఈయన. నువ్వు పులివెందులకు పోయొచ్చినప్పటి నుంచి ఇదే కత."

"ఒక మాటన్నా చెప్పలేదేం బావా" అన్నాను.

బావ అన్నం కలుపుకుంటూనే జవాబిచ్చాడు. "చెప్తే నువ్వు నాతో పోటీకి వారమంతా పస్తుంటావని చెప్పలే."

ఆ మాటకు నా కళ్ళు తడిసిన సంగతి నిజమే. కానీ ఆ తడి వెనకాలే, ఉపవాసంలో కూడా ఈ మనిషి నాకంటే ముందే ఉన్నాడే అని చురుక్కుమన్న సంగతీ నిజమే. ఇన్నేళ్ళ తర్వాత అప్పటి నన్ను, ఆ కుర్రవాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది, కాస్త జాలి కూడా వేస్తుంది. వాడు చాలాకాలం తన ఓపికకు మెచ్చి దేవుడు ఆ పెళ్ళి కుదిర్చాడనుకున్నాడు పాపం. ఆ పళ్ళెం ముందు బావ తిన్న తీరు గుర్తొచ్చినప్పుడల్లా నాకు వేరే అనుమానం కలుగుతుంది. నా ఓపిక సంగతి ఎలా ఉన్నా, బావ ఆకలి చూడలేకే దేవుడు ఆ శుక్రవారం కొంచెం తొందరపడ్డాడేమో.