వాలుగీతకు లంబం

మొన్న ఆదివారం పొద్దున జమ్మలమడుగు నుంచి మా నాన్న ఫోన్ చేశాడు. "మీ టీచరమ్మ పోయిందంట పాపా" అన్నాడు. ఆ తర్వాత ఇద్దరం చాలాసేపు ఆమె సంగతులే చెప్పుకున్నాం.

ఐదో తరగతిలో మాకు అన్ని పాఠాలూ ఆమే చెప్పేది. పులివెందుల నుంచి బదిలీ మీద వచ్చింది. సుద్దముక్కను విరిచి, సగం మాలో ఒకరి చేతిలో పెట్టి పాఠం మొదలుపెట్టేది. "తెలీకుంటే తెలీదని చెప్పండి, నేనేం కొరకను" అనేది.

లంబరేఖల దగ్గర నేను ఆగిపోయాను. అడ్డగీతకు లంబం గీయడం వచ్చింది. వాలుగీతకు గీయమంటే మళ్లీ నిలువుగానే గీశాను. లంబమంటే నిటారుగా నిలబడేదని నా నమ్మకం. నోటుపుస్తకం తిప్పి చూపించినా, మూలమట్టం పెట్టి చూపించినా బుర్రకెక్కలేదు.

అప్పుడు బడిలో కొత్త గదికి పునాది గీస్తున్న బేల్దారి మేస్త్రీ మా నాన్నే. ఎవరైనా నవ్వుతారేమోనని నేను అటు చూసేదాన్ని కాదు. ఒకరోజు ఆమె మమ్మల్నందరినీ ఆయన దగ్గరికే తీసుకుపోయింది.

"మూల ఎట్ల పెడతాండావో పిల్లోళ్లకు చెప్పప్పా."

"నేనా మేడమ్? నాకు అచ్చరమ్ముక్క రాదు."

"నాకు ఈ పని రాదు. నేనూ నేర్చుకుంటా" అని ఆమె మా మధ్య మట్టిలో కూర్చుంది. నాన్న తప్పు చెబితే ఎట్లా అని నేను అందరి వెనక్కి జరిగి కూర్చున్నాను.

స్థలం వంకరది. మూలన మేకు కొట్టి నాన్న రెండు దారాలు కట్టాడు. మొదటి దారం రోడ్డుకు ఏటవాలుగా పోయింది. మేకు దగ్గర నుంచి దాని మీద మూడడుగులు కొలిచి నాన్న సున్నంతో గుర్తు పెట్టాడు. రెండో దారం మీద నాలుగడుగులు. "ఈ రెండు గుర్తుల నడుమ అయిదడుగులు రావాల. వచ్చేదాంకా దారం జరపాల" అంటూ, టేపు పట్టుకోమని నన్నే పిలిచాడు. దారం జరిగి జరిగి అయిదు దగ్గర ఆగింది. టీచరమ్మ మూలమట్టం ఆనించి చూసింది. వెంట్రుకవాసి తేడా లేదు.

"ఇందులో నిలబడిండే గీత యాడుంది పాపా?" అని అడిగింది.

యాడా లేదు. రెండూ వాలుగా నేలమీదే పడుకుని ఉన్నాయి. అయినా ఒకదానికొకటి లంబం! గీత నిలబడటం కాదు, రెండు గీతలు కలిసే తీరే లంబమని నాకు అప్పుడు తెలిసింది. ఉత్త దారంతో, టేపుతో అంత పని చేసిన మనిషి మా నాన్న!

"ఈ మూడు, నాలుగు, అయిదు లెక్క పుస్తకంలో శానాసార్లు చదివినా. కండ్లతో చూడ్డం ఇదే మొదటిసారప్పా" అంటూ టీచరమ్మ లేచింది. చీరకంటిన మట్టి దులుపుకోకుండానే మా నాన్నకు రెండు చేతులూ జోడించింది. మేమంతా లేచి జోడించాం. నాన్న సున్నపు చేతులు లుంగీకి తుడుచుకుంటూ, తుడుచుకుంటూ అట్లాగే నిలబడిపోయాడు.